తోలు కొత్తది, చట్రం పాతది

వాద్యాలలో వయసు తేల్చడానికి ఓ పట్టాన లొంగనివి తోలు వాద్యాలు. పాత హార్మోనియం పలకడం మానేసినా పెట్టె పెట్టెగానే మిగులుతుంది, తీగలు తెగిన వీణకు కుండ, దండి అలాగే ఉంటాయి. డప్పు, డోలు, డ్రమ్ము మాత్రం వాడుకలో ఉన్నన్నాళ్లూ ముక్కముక్కగా మారిపోతూనే ఉంటాయి. తోలు చిరిగితే కొత్త తోలు వేయిస్తారు, కట్టు వదులైతే కొత్త కట్టు కడతారు, చట్రం బీటలిస్తే ఇనుప పట్టీ కొట్టిస్తారు. అందువల్ల ఒక పాత వాద్యాన్ని ముందు పెట్టుకుని ఇది ఎన్నేళ్లది అని అడిగితే ఆ ఒక్క ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు దాగి ఉంటాయి: చెట్టు ఎప్పుడు కొట్టారు, చట్రం ఎప్పుడు చేశారు, ఇప్పుడున్న తోలు ఎప్పుడు వేశారు, ఇనుము ఎప్పుడు వచ్చి చేరింది. ఇది అసలుదేనా అన్న ప్రశ్నకు కూడా వాద్యం మొత్తానికి ఒకే జవాబు ఉండదు. ఏ భాగానికి ఆ భాగం విడిగా జవాబు చెప్పుకోవాలి.

ఈ ప్రశ్న పశ్చిమ ప్రకాశంలో వేసుకోవడానికి తగిన కారణం ఉంది. మార్కాపురం వైపు నుంచి, ఆత్మకూరు ఘాట్ వైపు నుంచి వచ్చే రోడ్లు శ్రీశైలం దారిలో కలిసే చోటు పెద్దదోర్నాల. ఈ చుట్టుపట్ల ఒకే ఊరిలో మూడు నాలుగు కాలాల తోలు వాద్యాలు పక్కపక్కనే వినిపిస్తాయి: జాతరలో డప్పు, వీరభద్రుడి కొలుపులో వీరణం, పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం, ఆదివారం చర్చిలో డ్రమ్ సెట్టు. వీటిలో ఏది పాతదని అడిగితే ఎవరైనా డప్పు వైపే వేలు చూపిస్తారు. జాతిగా చూస్తే ఆ మాట నిజమే. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన భక్తుల ఆటపాటలను, వాద్యాలను వర్ణించాడు. శ్రీశైల ఆలయ ప్రాకారపు రాళ్ల మీద వేట దృశ్యాలతో పాటు వాద్యకారుల బొమ్మలు కూడా ఉన్నాయి. అయితే రూపం పాతది కావడం వేరు, వస్తువు పాతది కావడం వేరు. వందల ఏళ్లుగా మారని ఆకారంలో నిన్ననే చేసిన డప్పు ఉండవచ్చు. అరవై ఏళ్ల కిందటి డ్రమ్ సెట్టు దాని పక్కన నిలబడితే వస్తువుగా పెద్దది ఆ డ్రమ్ సెట్టే అవుతుంది.

వెనక్కి తిప్పి చూస్తే

డప్పు నిర్మాణం చూడటానికి సులువుగా కనిపిస్తుంది గాని, వయసు లెక్కలో ఆ సులువే చిక్కు తెస్తుంది. వంపుగా చెక్కిన కర్ర ముక్కలను కలిపి గుండ్రని చట్రం చేస్తారు; దాని ఒక ముఖం మీద నానబెట్టిన మేక తోలు గాని దూడ తోలు గాని సాగదీసి, చింతగింజల జిగురు వంటి దానితో అతికించి, అంచును వెనక్కి మలిచి తోలు తాళ్లతో బిగిస్తారు, కొన్నింటిలో ఆ తాళ్లను వెనుక వైపున్న ఇనుప రింగుకు లాగి కడతారు. ఎడమ భుజానికి తగిలించుకుని కుడి చేత పొట్టిగా లావుగా ఉండే చిర్రతో, ఎడమ చేత సన్నని సిటికెన పుల్లతో వాయిస్తారు. వాయించే ముందు మంట దగ్గర కాచడం తప్పనిసరి, ఎందుకంటే గాలిలోని తేమను పీల్చుకున్న తోలు వదులై మొద్దుగా పలుకుతుంది, వేడి తగిలితే ఆ తేమ పోయి బిగుసుకుని నాదం నిలుస్తుంది.

కొనడానికి వచ్చినవారి చూపు ముందు పడేది ముఖం మీద. నిజానికి అక్కడ చూడవలసింది తక్కువ. ముఖం తోలుది, తోలు మారేది. చట్రాన్ని వెనక్కి తిప్పి, లోపలి గోడను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడాలి. ఉలితోను బాడిసెతోను చెక్కిన కర్ర మీద చిన్నచిన్న పల్లాలు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కుతూ పోతాయి, అవి ఎప్పుడూ సమానంగా ఉండవు. మిషను రంపం కోసిన కర్ర మీద ఒకే ఎడంలో సాగే గీతలు మిగులుతాయి. ఆ గీతలు వంపుగా ఉంటే గుండ్రని రంపపు బిళ్ల పని, తిన్నగా ఉంటే పట్టీ రంపం పని. పైముఖాన్ని నున్న చేసినవారు సైతం లోపలి గోడను సాధారణంగా పట్టించుకోరు కాబట్టి ఈ గుర్తులు అక్కడ భద్రంగా ఉంటాయి.

తరువాత కొలతబద్ద. కర్ర ఆరే కొద్దీ అన్ని దిక్కులా ఒకే రీతిగా కుదించుకుపోదు: నారల పొడవునా దాదాపు మారదు, అడ్డంగా మారుతుంది, అడ్డంలోనూ వలయాల వెంబడి కుదింపు వలయాలకు నిలువుగా ఉండే కుదింపు కంటే సుమారు రెట్టింపు ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండకు, వానకు, మంట వేడికి లోనైన చట్రం అందుకే కచ్చితమైన గుండ్రదనం కోల్పోతుంది. ముక్కలు కలిసిన చోట్ల అతుకు విచ్చుకుంటుంది, ఒక కొలత మరో కొలత కంటే కాస్త తగ్గుతుంది. ఇదొక్కటే వయసుకు రుజువు కాదు, పచ్చి కర్రతో చేసిన డప్పు ఒక్క వేసవిలోనే వంకర పోతుంది. అయితే చుట్టూ ఎక్కడ కొలిచినా వెంట్రుక వాసి తేడా లేని చట్రాన్ని తాతల నాటిదని చెబితే మాత్రం అనుమానించవలసిందే.

మేకులు ఇంకొంచెం గట్టి సాక్షులు. కమ్మరి కొలిమిలో సాగగొట్టిన మేకు నలుపలకలుగా ఉండి మొనవైపు సన్నబడుతుంది, తల మీద సుత్తి దెబ్బల మట్టాలు కనిపిస్తాయి. ఫ్యాక్టరీ తీగ మేకు చివరంటా గుండ్రంగా, ఒకే లావున ఉంటుంది. తీగ మేకులు ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో గనుక వాటితోనే మొదట బిగించిన చట్రం అంతకంటే పాతది కాజాలదు. మొదట అన్న మాటే ఇక్కడ కీలకం. తరువాత మరమ్మతులో కొట్టిన మేకైతే దాని చుట్టూ కర్ర రంగు వేరుగా ఉంటుంది, పక్కనే పాత మేకు పీకిన బెజ్జం ఖాళీగా కనిపిస్తుంది. ఇనుము కర్రలో ఎక్కువ కాలం ఉంటే కర్రలోని టానిన్‌తో, అంటే తోళ్లు పదును పెట్టడానికి వాడే చెక్కలలోని వగరు పదార్థంతో, కలిసి బెజ్జం చుట్టూ నీలి నలుపు మరక పడుతుంది. మేకు పోయినా మరక పోదు. వాద్యానికి వయసు కట్టే పనిలో అమర్చిన వస్తువు కంటే అది విడిచిపోయిన బెజ్జమే ఎక్కువ నమ్మదగినది, ఎందుకంటే పాత మేకు తెచ్చి కొట్టడం తేలిక, పాత బెజ్జాన్ని మాయం చేయడం కష్టం.

పాతదనం తెచ్చిపెట్టే పని కూడా సాగుతూనే ఉంటుంది. టీ డికాషన్ పూసి, పొగ పట్టించి, మట్టిలో కప్పి పెడితే కొత్త కర్ర కూడా నల్లబడుతుంది. అలాంటి నలుపు అన్ని చోట్లా ఒకేలా పరుచుకుంటుంది. నిజంగా వాడిన డప్పు మీద అరుగుదల వాడకాన్ని బట్టే ఉంటుంది: భుజపు పట్టా ఒరుసుకున్న చోట, ఎడమ అరచేయి ఆనే అంచున నున్నగా మెరుస్తుంది, చిర్ర జారి తగిలే అంచున సొట్టలు పడతాయి, మంటకు దగ్గరగా పట్టిన వైపు అంచు కమిలి ఉంటుంది. అరుగుదలను చూసి వాయించిన మనిషి చేతులు ఎక్కడ ఉండేవో చెప్పగలగాలి. చెప్పలేకపోతే అది తయారు చేసిన అరుగుదలే.

తోలు చెప్పే కాలం

తోలు వాద్యం వయసును చెప్పదు గాని తన వయసును తాను విచిత్రంగా చెబుతుంది. భూతద్దం కింద పెట్టి చూస్తే మేక తోలు మీద పెద్ద రోమకూపాలు, వాటి వెంట చిన్నవి వరుసలు కట్టి ఉంటాయి. దూడ తోలు మీద దాదాపు ఒకే పరిమాణంలో అంతటా పరుచుకుని ఉంటాయి. దీనితో జంతువు తెలుస్తుంది. కాలం తెలియాలంటే ప్రయోగశాల కావాలి.

కర్బన కాలనిర్ణయం పేరు అందరూ విన్నదే. జీవి బతికి ఉన్నంత కాలం గాలి నుంచి, ఆహారం నుంచి కార్బన్-14 అనే రేడియోధార్మిక కర్బనాన్ని తీసుకుంటుంది. చనిపోయాక అది 5,730 ఏళ్లకు సగం చొప్పున తరిగిపోతుంది. ఈ పద్ధతికి ఒక గుడ్డిచుక్క ఉంది: సుమారు 1650 నుంచి 1950 వరకు వాతావరణంలోని ఆ కర్బనం పాళ్లు ఎగుడుదిగుడుగా మారడం వల్ల, బొగ్గు మంటలు పెరిగి గాలిలో పాత కర్బనం కలవడం వల్ల, ఆ మూడు శతాబ్దాలలోని వస్తువు ఏ కాలానిదో విడదీసి చెప్పడం కష్టమవుతుంది. తాతముత్తాతల నాటి డప్పు అనిపించుకునేది సరిగ్గా ఈ గుడ్డిచుక్కలోనే పడుతుంది. 1950ల తరువాతి తోలుకు మాత్రం అణ్వస్త్రాలు అనుకోని మేలు చేశాయి. ఆరుబయట జరిపిన అణు పరీక్షల వల్ల ఉత్తరార్ధగోళపు గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపై 1963-64లో శిఖరానికి చేరింది. 1963 నాటి పాక్షిక పరీక్షల నిషేధ ఒప్పందం తరువాత అది ఏటేటా తగ్గుతూ వచ్చింది. నల్లమల అంచున మేసిన మేక కూడా ఆ గాలి పెంచిన ఆకునే తిన్నది కాబట్టి దాని తోలు ఏ సంవత్సరానికి దగ్గరో కొద్ది ఏళ్ల తేడాతో చెప్పవచ్చు, కాకపోతే ఒకే పాళ్లు శిఖరానికి ముందొకసారి, తరువాత ఒకసారి వస్తాయి గనుక రెండు తేదీలలో ఒకటి ఎంచుకోవలసి వస్తుంది. కొన్ని మిల్లీగ్రాముల నమూనా సరిపోయే ఈ పరీక్షకు న్యూఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో, అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాలలో సాధనాలు ఉన్నాయి. చెట్టు వలయాలు లెక్కపెట్టే పద్ధతి ఇక్కడి చాలా చెట్లకు పనికిరాదు, ఉష్ణమండలంలో వలయాలు స్పష్టంగా పడవు. టేకు దీనికి మినహాయింపు. చట్రం వెడల్పులో దొరికే కొద్దిపాటి వలయాలు ఏమంత సాయం చేయవు గాని.

ఒక డప్పు ఒక ఇంటిలో ఎంత కాలంగా ఉందో చెప్పడానికి ఊరి చరిత్ర కూడా కావాలి. నల్లమలలో పుట్టి కంభం చెరువు మీదుగా పారే గుండ్లకమ్మ ఒడ్డునే, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర, అప్పటి పెద్ద కరువు ముగిసే రోజుల్లో 1878 జూలై 3న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ ఆధ్వర్యంలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. మతం మారినవారు గ్రామదేవతల కొలుపుల్లో డప్పు కొట్టబోమని చెప్పడం, దాని మీద ఊరి పెద్దలతో తగవులు రావడం ఆనాటి మిషన్ రచనల్లో కనిపిస్తుంది. కాబట్టి ఈ ప్రాంతంలో ఒక ఇంటి డప్పు నాలుగు తరాలుగా ఆడుతూనే ఉందని ఎవరైనా అంటే, ఆ ఇల్లు ఏ కాలంలో ఏ విశ్వాసంలో ఉందో, ఆ పాలెంలో వెట్టి డప్పు ఎప్పుడు ఆగిందో అడిగి తెలుసుకోవడం న్యాయం. ప్రకాశం జిల్లాలోనే 1994 జూలై 7న ఈదుముడిలో పుట్టిన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి దండోరా పేరుతో జనంలోకి వెళ్లి, వెట్టి గుర్తుగా ఉన్న డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా భుజాన వేసుకుంది. ఆ తరువాత సభల కోసం, ఊరేగింపుల కోసం కొత్తగా చేయించిన డప్పులు కూడా ఇప్పుడు మూడు దశాబ్దాల వయసుకు చేరాయి. వాటిని తాతల నాటివని చెప్పుకోనక్కర లేదు, వాటి చరిత్ర వాటికి చాలు. డప్పు కళాకారుడికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇప్పుడు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. మనిషి వయసుకు ఆధార్ కార్డు ఉంది, చేతిలోని డప్పు వయసుకు ఏ కాగితమూ లేదు.

ఇప్పుడు ఊళ్లలో ఎక్కువగా కనిపించే ఫైబర్ డప్పు ఈ లెక్కలన్నిటినీ పక్కన పెట్టేసింది. ఇనుప చట్రం, ప్లాస్టిక్ ముఖం, చుట్టూ నట్లు బోల్టులు. వాన పడ్డా వదులు కాదు, మంట అక్కరలేదు. దీన్ని నకిలీ అనడం తప్పు. డ్రమ్ముల లోకంలో ఇదే మార్పు అంతకు ముందే వచ్చింది: 1950ల దాకా పాశ్చాత్య డ్రమ్ములకు కూడా దూడ తోలే వేసేవారు, 1950ల రెండో సగంలో అమెరికాలో చిక్ ఎవాన్స్, రెమో బెల్లి పాలిస్టర్ పొరతో చేసిన ముఖాలను మార్కెట్లోకి తెచ్చారు. రెమో కంపెనీ పుట్టింది 1957లో. అందుచేత 1930ల నాటి డ్రమ్ము మీద ప్లాస్టిక్ ముఖం ఉన్నంత మాత్రాన అది మోసం కాదు, బండికి టైరు మార్చినట్టే.

బ్యాడ్జి మాట ఎంతవరకు

డ్రమ్ సెట్టు అంటే కాలితో కొట్టే బాస్ డ్రమ్ము, కింది ముఖానికి సన్నని తీగలు ఆనించిన స్నేర్, టామ్‌లు, కాలితో మూసి తెరిచే హై-హాట్ తాళాలు, పైన సింబల్స్ ఒకే మనిషికి అందేలా అమర్చిన కూర్పు. ఫ్యాక్టరీ వస్తువు గనుక దీనికి పేరు, బ్యాడ్జి, సీరియల్ నంబరు ఉంటాయి; డప్పుతో పోలిస్తే వయసు ఇట్టే తెలిసిపోవాలి. తెలియదు. షికాగోలో 1909లో మొదలైన లడ్విగ్ సంగతే తీసుకుంటే, ఆ పేరు 1929 ప్రాంతంలో కాన్ కంపెనీ చేతికి పోయింది, వ్యవస్థాపకుడు 1937లో డబ్ల్యూ.ఎఫ్.ఎల్. పేరుతో వేరే కంపెనీ పెట్టి 1955లో తన పాత పేరును తిరిగి కొనుక్కున్నాడు. అంటే బ్యాడ్జి మీది పేరే ఒక స్థూలమైన తేదీ. సీరియల్ నంబర్లు 1963-64 ప్రాంతంలో వచ్చాయి. అయితే పనివారు బ్యాడ్జిలను డబ్బాలోంచి చేతికి వచ్చిన వరుసలో తీసి కొట్టేవారు కాబట్టి పెద్ద నంబరు ఉన్న డ్రమ్ము చిన్న నంబరు దానికంటే ముందే తయారై ఉండవచ్చు. 1969లో బ్యాడ్జి ఆకారమూ రంగూ మారాయి. వీటికంటే కొన్ని షెల్స్ లోపల ఎర్ర సిరాతో కొట్టిన తేదీ ముద్ర విలువైనది. షెల్ అంటే పొరల చెక్కను వంచి చేసిన గుల్ల. దాని లోపలి గోడ 1960ల ఆరంభం దాకా తెల్ల రంగుతో ఉండేది, తరువాత రంగు లేని పూతకు మారింది. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో 1883లో పుట్టిన గ్రెచ్ కంపెనీ షెల్స్ లోపలి వెండి రంగు కూడా ఇలాంటి గుర్తే.

బ్రిటిష్ పాలన వల్ల ఇంగ్లండ్ వాద్యాలకు ఇక్కడ దారి తెరిచి ఉండేది కాబట్టి దక్షిణాదిన పాత సెట్టు దొరికితే ప్రీమియర్ పేరు కోసం కూడా వెతకాలి. 1922లో లండన్‌లో మొదలైన ఆ కంపెనీ ఫ్యాక్టరీ 1940లో బాంబు దాడిలో దెబ్బతిన్నాక లెస్టర్‌కు తరలింది. 1960ల చివరి దాకా దాని షెల్స్ కొలతలు ఇతరుల కొలతలకు కాస్త తేడాగా ఉండేవి, నేటి ప్రామాణిక ముఖం వాటి మీద సరిగా కూర్చోదు. కొత్త ముఖం పట్టకపోవడం యజమానికి చికాకే గాని వయసు కట్టేవారికి అంతకంటే మంచి రుజువు దొరకదు.

జపాన్‌లో 1960లలో చేసిన సెట్లు ఎన్నెన్నో పేర్లతో అమ్ముడయ్యాయి, వాటిని పేరుతో కాక పనితనంతో గుర్తించాలి: మెత్తని లువాన్ చెక్క పొరలు, పైన చుట్టిన మెరుపు పొర చివరలను షెల్‌లో సన్నని గాడి తీసి లోపలికి దూర్చడం వంటివి చూడాలి. అమెరికా డ్రమ్ముల మీద ఆ పొర చివరలు సాధారణంగా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. మరలు కూడా చెబుతాయి. తలపై కూడిక గుర్తు గాడి ఉన్న ఫిలిప్స్ మరకు పేటెంట్లు వచ్చింది 1936లో; 1920ల నాటిదని చెప్పే డ్రమ్ములో అలాంటి మర మొదటి బెజ్జంలోనే ఉంటే ఆ మాట నిలవదు. బ్యాండు మేళాల డ్రమ్ముల్లో మీరట్ జలీ కోఠీ పనిని మరవకూడదు. 1885 నాటి నాదిర్ అలీ కంపెనీ ఉన్న ఆ పట్టణం నుంచి దేశమంతటికీ బ్యాండు వాద్యాలు వెళ్లాయి. విదేశీ బ్యాడ్జి లేనంత మాత్రాన పాత బ్యాండు డ్రమ్ము తక్కువది కాదు.

ఇక్కడా చివరి మాట బెజ్జాలదే. బ్యాడ్జి విడిగా కొనవచ్చు, లగ్గులు, అంటే ముఖాన్ని బిగించే బోల్టులు దిగే లోహపు దిమ్మెలు, వేరే డ్రమ్ము నుంచి తీసి పెట్టవచ్చు. షెల్‌కు తొలిచిన బెజ్జాల ఎడం మాత్రం మొదటి అమరికకే సరిపోతుంది. ఎక్కువ బెజ్జాలు, పూడ్చిన బెజ్జాలు, బ్యాడ్జి చుట్టూ పాత బ్యాడ్జి మిగిల్చిన వేరే ఆకారపు నీడ, ఒకే సెట్టులో రెండు రంగులకు వెలసిన పొరలు కనిపిస్తే ఆ సెట్టు రెండు మూడు సెట్ల నుంచి కూర్చినది. ప్రసిద్ధ డ్రమ్మర్ రింగో స్టార్ వాయించిన మొదటి లడ్విగ్ సెట్టు 2015 డిసెంబరులో వేలంలో 20 లక్షల డాలర్లకు పైగా పలికిందని తెలిసినవారు ఇలాంటి కూర్పు ఎందుకు జరుగుతుందో అడగరు.

వందేళ్లు దాటితే

వయసు తేల్చడం సరదా కోసమే కాదు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన చేతిపని వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు, దాన్ని కేంద్ర ప్రభుత్వమో అది అధికారమిచ్చిన సంస్థో తప్ప ఎవరూ దేశం దాటించకూడదు. తొంభై ఏళ్ల నగారా, నూట పదేళ్ల నగారా చూడటానికి ఒకేలా ఉన్నా చట్టం ముందు ఒకటి కావు. దోర్నాల చుట్టుపట్ల ఇంకో చట్టం ఇంకా దగ్గర. ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యపు నేల. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉడుముకు అత్యంత కఠినమైన రక్షణ ఇచ్చింది. కంజీరాకు ఒకప్పుడు ఉడుము చర్మమే వేసేవారు. అలాంటి పాత కంజీరాను, జింక చర్మం వేసిన ఏ వాద్యాన్నయినా అసలు తోలుతో ఉందని గొప్పగా అమ్మకానికి పెడితే అసలుతనమే నేరానికి సాక్ష్యమవుతుంది. అమ్మకం, కొనుగోలు మాట తలపెట్టక ముందే అటవీ శాఖను సంప్రదించడం అవసరం.

అమ్మే ఉద్దేశం లేనివారికీ ఒక జాగ్రత్త ఉంది. మరమ్మతుకు ఇచ్చే ముందు చట్రానికి నాలుగు వైపులా, లోపలి గోడకూ ఫొటోలు తీయించాలి. తుప్పు గీకడం, వార్నిష్ పూయడం, పాత బెజ్జాలను లప్పం పెట్టి పూడ్చడం వద్దని పనివాడికి ముందే చెప్పాలి. కొత్త తోలు వేయించినప్పుడు పాత తోలులో అరచేతి మేర ముక్క కోసి, తీసిన తేదీ పెన్సిలుతో రాసిన కాగితంలో చుట్టి ఉంచితే, తరువాత ఎవరైనా పరీక్ష చేయించదలిస్తే చట్రం నుంచి చెక్క గీకవలసిన పని ఉండదు.